ఇంట్రెస్ట్ అన్న మాట ఏడికెళ్ళి వచ్చింది? మిత్తి కట్టేటోళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు దిక్కు బ్యాంకుల పోతే ఇంట్రెస్ట్ అంటరు, ఊర్ల మిత్తి అంటరు, కాయిదం మీద వడ్డీ అని రాస్తరు. కట్టే పైసలు అవే. కానీ ఇంట్రెస్ట్ అన్న మాట పుట్టిన కథ చదివితే బ్యాంకోడు ఇచ్చే కాయిదంల ఏ లైన్ దగ్గర ఆగి చదవాల్నో మంచిగ తెలుస్తది, అందుకే మనోళ్ళు ఎక్కువ అడిగే ప్రశ్నలన్నీ ఒక్క దగ్గర పెట్టి జవాబులు రాస్తున్న. కొన్ని పొడుగున్నయ్, ఓపికతోని చదవండి.

ఇంట్రెస్ట్ ఇంగ్లీష్ మాటేనా?

ఇప్పుడు ఇంగ్లీష్ మాటే, పుట్టింది మాత్రం లాటిన్ల. ఇంటెర్ అంటే నడుమ, ఎస్సె అంటే ఉండుడు, రెండు కలిస్తే ఇంటెరెస్సె. "అది నడుమ ఉన్నది" అని చెప్పాలంటే లాటిన్ల ఇంటెరెస్ట్ అంటరు, అంటే మనం ఇయ్యాల పేరు లెక్క వాడే మాట రోమన్లకు ఒక క్రియ. "తేడా పడ్తది", "దానితోని నాకు పని ఉన్నది" అనే అర్థాలల్ల వాడేటోళ్ళు. ఇంగ్లండ్ల మొదలు ఇంటెరెస్సె అనే అన్నరు, చివర ‘ట్’ వచ్చుడు 15వ శతాబ్దంల, ఫ్రెంచ్ మాట ప్రభావంతోని.

నడుమ ఉండుడుకు, అప్పు మీద మిత్తికి ఏం సంబంధం?

అసలు కథ ఇదే, కొంచెం నెమ్మదిగ చూద్దాం.

రోమన్ చట్టంల ‘ఇద్ క్వోద్ ఇంటెరెస్ట్’ అని ఒక మాట ఉండేది, నడుమ ఉన్న తేడా ఎంతనో అంత అని అర్థం. మన దగ్గరి లెక్కల చూస్తే, మిర్యాలగూడల ఒక మిల్లు ఆయనకు ఇంకో ఆయన 100 క్వింటాళ్ల వడ్లు క్వింటాలుకు 2,200 చొప్పున ఇస్తనని మాట ఇచ్చి టైముకు ఇయ్యలేదు అనుకోండి. మిల్లు ఆగొద్దు కాబట్టి ఆయన బయట 2,350 పెట్టి కొన్నడు. క్వింటాలుకు 150 రూపాయల తేడా, మొత్తం 15,000. మాట నిలబెట్టుకుంటే నా పరిస్థితి ఎట్లుండేది, తప్పినందుకు ఇప్పుడు ఎట్లుంది, ఈ రెండిటి నడుమ ఉన్న 15,000 నాకు కట్టియ్యుండ్రి అని ఆయన అడుగుతడు. కోర్టుల అడిగే ఆ నష్టపరిహారమే ఇంటెరెస్సె.

తర్వాత కొన్ని వందల ఏండ్లకు యూరప్‌ల చర్చి అప్పు మీద మిత్తి తీసుకునుడు పాపం అన్నది. 1139ల చర్చి పెద్దలు కూడిన రెండో లేటరన్ సభల దాన్ని ఖండించిన్రు, 1179ల మూడో లేటరన్ సభల ఇంకా గట్టిగ పట్టుకున్నరు, బాజాప్తా వడ్డీ వ్యాపారం చేసెటోడు చచ్చిపోతే క్రైస్తవ పద్ధతిల బొంద పెట్టొద్దు అన్నంత దూరం పోయింది. మరి వ్యాపారం ఆగుతదా, ఆగదు. అప్పుడు చర్చి లాయర్లు పాత రోమన్ మాటను బయటికి తీసిన్రు. ఉత్త అప్పు మీద ఎక్కువ తీసుకునుడు తప్పు సరే, కానీ వాయిదా నాడు పైసలు ఇయ్యక అప్పిచ్చినోడు నష్టపోతే ఆ నష్టం పూడ్చాలె కదా అన్నరు. నిజంగ జరిగిన నష్టానికి దామ్నుమ్ ఎమెర్గెన్స్ అని, ఆ పైసలు చేతుల ఉంటే వచ్చే లాభం పోయినందుకు లూక్రుమ్ కెస్సాన్స్ అని పేర్లు పెట్టిన్రు. ఆ రెండిటి కింద కట్టేది ఇంటెరెస్సె, చర్చి ఒప్పుకుంటది. ముందే మాట్లాడుకోని మొదటి రోజు నుంచి గుంజేది యూజూరా, ఒప్పుకోదు.

రాను రాను ఆ గీత చెరిగిపోయింది, మొదటి రోజు నుంచి తీసుకునేదాన్ని కూడ అందరు ఇంట్రెస్ట్ అన్నరు. అంటే ఈ మాట మొదలు లేట్ అయినందుకు కట్టే పరిహారం. నాకైతే ఈ మొత్తం కథల అన్నిటికంటె ముఖ్యమైన ముచ్చట ఇదే అనిపిస్తది.

మరి రోమన్లు మిత్తిని ఏమనేటోళ్ళు?

యూజూరా అని, ఫేనుస్ అని. యూజూరా అంటే వాడుకునుడు, ఇంకొకని పైసలు వాడుకున్నందుకు ఇచ్చేది. ఇంగ్లీష్‌ల యూజ్ అన్న మాట, అన్యాయపు వడ్డీకి వాడే యూజరీ అన్న మాట రెండూ ఆ ఒక్క వేరు నుంచే వచ్చినయ్.

రూపాయి మిత్తి, రెండు రూపాయల మిత్తి అనే లెక్క మన ఊర్లల్లనే ఉన్నదా?

లేదు, రోమ్‌ల గిదే లెక్క ఉండేది. మనం రూపాయి మిత్తి అంటే నూటికి నెలకు ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం కదా. రోమన్లు దీన్ని కెంతేసిమా అన్నరు, అంటే నూరింట్ల ఒక వంతు, అది గూడ నెలకే. ఎక్కువగ నెల లెక్కనే చెప్పుకునేటోళ్ళు, మన పెద్దమనుషుల లెక్కనే.

అంతటితోని అయిపోలే. వాళ్ళ రాగి నాణెం పేరు అస్, దాంట్ల సగం సెమిస్, పావు భాగం క్వాద్రాన్స్. నూటికి నెలకు సగం అయితే సెమిస్ మిత్తి, ఏడాదికి 6 శాతం. పావు అయితే క్వాద్రాన్స్ మిత్తి, ఏడాదికి 3 శాతం, అచ్చంగ మన పావలా వడ్డీ. 2004 తర్వాత వైఎస్ రాజశేఖర్ రెడ్డి ప్రభుత్వం మహిళా సంఘాలకు పావలా వడ్డీ అని పెట్టినప్పుడు దేవరకొండ దిక్కు, నారాయణపేట దిక్కు సంఘాల ఆడోళ్ళకు ఎవ్వరు విడమరిచి చెప్పాల్సిన పని పడలే, నూటికి నెలకు పావలా అంటే చదువురాని అవ్వ కూడ లెక్క కట్టేసింది. రెండు వేల ఏండ్ల కింద రోమ్ ఆడోళ్ళకు ఆ మాట చెప్పినా గట్లనే అర్థమయ్యేది.

అంటే ఈ లెక్క రోమన్ల దగ్గర మనం నేర్చుకున్నమా?

కాదు, మనది మనకే ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రంల నూరు పణాలకు (పణం అంటే అప్పటి నాణెం) నెలకు పణంపావు ధర్మమైన వృద్ధి, అంటే మిత్తి, అని రాసి ఉన్నది, ఏడాదికి 15 శాతం అన్నట్టు. వ్యాపారం అప్పుకు 5 పణాలు, అడవుల దారిల పోయేటోళ్ళకు 10, సముద్రం మీద పోయేటోళ్ళకు 20. ఎంత భయం ఉంటే అంత మిత్తి. మనుస్మృతిల కూడ నూటికి నెలకు అనే లెక్కనే ఉన్నది. నెల నెల చంద్రుణ్ణి చూసి రోజులు లెక్కవెట్టిన ప్రతి దేశంల ఇదే పద్ధతి రావచ్చని నా ఆలోచన.

రోమన్ల పైసలు మాత్రం మన దాక వచ్చినయ్. మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిల రోమన్ వెండి నాణేల నిధి భూమిల దొరికింది. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలపు నాణేలు అవి.

మరి వడ్డీ అన్న మాట ఎట్ల వచ్చింది?

సంస్కృతం వృద్ధి నుంచి, ప్రాకృతంల వడ్ఢి అయ్యి మన దగ్గరికి వచ్చింది. అంటే పెరుగుడు. గ్రీకులు ఇంకో అడుగు ముందుకు పోయి మిత్తిని తోకోస్ అన్నరు, పిల్లలు, సంతానం అని అర్థం, పైసలు పైసలను కన్నయ్ అన్నట్టు. లాటిన్ ఇంట్రెస్ట్‌ల మాత్రం పెరుగుడు లేదు, తేడా పూడ్చుడు ఉన్నది. ఇక మన అసలు అన్నది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగ వచ్చింది, వేరు, మొదలు అని అర్థం.

ప్రిన్సిపల్, క్యాపిటల్ కూడ లాటినేనా?

రెండూ లాటినే. ప్రిన్సిపల్ అంటే మొదటిది, ముఖ్యమైనది. క్యాపిటల్‌కు మూలం కాపుత్, తలకాయ అని అర్థం, రోమన్లు అసలును కాపుత్ అనేటోళ్ళు. పర్సెంట్ అన్నది పెర్ కెంతుమ్, నూటికి అని అర్థం.

రోమ్‌ల కూడ అడ్డగోలు మిత్తి తీసుకునేటోళ్ళు ఉన్నరా?

మస్తు మంది. అందరికి తెలిసిన పేరు చెప్త, సీజర్‌ను పొడిచిన బ్రూటస్. సైప్రస్ దీవిల సలామిస్ అనే పట్నంకు ఆయన వేరేటోళ్ళ పేరు మీద అప్పు ఇప్పిచ్చిండు, మిత్తి ఏడాదికి 48 శాతం, మన లెక్కల నాలుగు రూపాయల మిత్తి. వసూలుకు పోయిన స్కాప్టియస్ అనే ఆయన గుర్రపు సైన్యాన్ని పెట్టి ఆ ఊరి పెద్దమనుషులను సభ జరిగే ఇంట్లనే బంధించిండు, తిండిలేక అయిదుగురు చచ్చిపోయిన్రు. తర్వాత క్రీస్తుపూర్వం 51ల సిసెరో అనే రోమన్ నాయకుడు ఆ ప్రాంతానికి గవర్నర్‌గ వచ్చిండు. నేను పెట్టిన రేటు కెంతేసిమా, అంటే 12 శాతం, దానికంటె ఎక్కువ ఒప్పుకోను అన్నడు. ఆ లెక్కన బాకీ 106 టాలెంట్లు (అప్పట్ల పెద్ద మొత్తాలు లెక్కగట్టే వెండి తూకం) తేలింది, స్కాప్టియస్ 200 కావాలన్నడు. ఊరోళ్ళు 106 కడతం తీసుకోమన్నా ఆయన తీసుకోలే, సిసెరో కూడ బ్రూటస్ మొఖం చూసి గట్టిగ తేల్చకుండ వదిలేసిండు. ఇదంతా సిసెరో తన దోస్తుకు రాసిన ఉత్తరాలల్లనే ఉన్నది.

అప్పు ఇచ్చెటోడు పెద్దోడైతే చట్టం ఎట్ల మెత్తగైతదో ఇంత వివరంగ ఇంకేడ దొరకదు, చదివితే కడుపుల దేవినట్టయితది.

చక్రవడ్డీకి కూడ అప్పట్ల పేరుందా?

ఉన్నది, గ్రీకు నుంచి తీసుకోని అనతోకిస్ముస్ అన్నరు. అందుల తోకోస్ ఉన్నది చూడండి, మిత్తి మళ్ళ మిత్తిని కనుడు. సిసెరో ఏడాదికొకసారి కలుపుకోనిచ్చిండు. తర్వాత జస్టీనియన్ చక్రవర్తి మొత్తం బంద్ పెట్టిండు. ఆయననే క్రీస్తుశకం 528ల రేట్లు తగ్గిచ్చిండు, మామూలు జనానికి 6 శాతం, వ్యాపారులకు 8, ఓడల మీద సరుకు పంపే అప్పుకు 12, పెద్ద హోదా ఉన్నోళ్ళు అప్పు ఇస్తే 4 కంటె ఎక్కువ తీసుకోవద్దు అన్నడు. పెద్దోళ్ళకే తక్కువ రేటు పెట్టుడు నాకు మస్తు నచ్చింది.

రోమన్ చట్టంల ఇంకోటి ఉండేది, మిత్తి పెరిగి పెరిగి అసలుకు సమానమైతే ఆడ ఆగాలె. మన ధర్మశాస్త్రాలల్ల కూడ ఇదే ఉన్నది, మిత్తి కలిపినా అసలుకు రెండింతలు దాటొద్దు అని మనుస్మృతి అంటది, దాన్నే దాందుపట్ అంటరు, బొంబాయి దిక్కు కోర్టులల్ల చానా కాలం నడిచింది.

క్యాలెండర్‌కు, అప్పుకు ఏదో సంబంధం ఉన్నదంటరు, నిజమేనా?

నిజమే. రోమన్లకు నెల మొదటి తారీఖు పేరు కాలెండే. మిత్తి కట్టాల్సిన రోజు అదే. అప్పిచ్చెటోళ్ళ ఖాతా పుస్తకం పేరు కాలెండారియుమ్, ఎవరు ఎంత ఇయ్యాల్నో రాసుకునే బుక్కు. గోడకు వేలాడదీసే క్యాలెండర్ పేరు ఆ బాకీల పుస్తకం నుంచే వచ్చింది. గ్రీకులకు కాలెండే లేదు కాబట్టి, బాకీ ఎప్పటికీ కట్టని మనిషిని చూసి అగస్టస్ చక్రవర్తి "వాడు గ్రీకుల కాలెండే నాడు కడతడు" అనేటోడంట.

ఆసక్తి అనే అర్థం వేరే మాటనా?

అదే మాట. నాకు పని ఉన్నది, నాకు సంబంధం ఉన్నది అనే పాత అర్థం నుంచి మనసు పెట్టుడు అనే అర్థం తర్వాత వచ్చింది.

ఇంగ్లండ్‌ల ఇంట్రెస్ట్ ఎప్పుడు చట్టబద్ధం అయింది?

1545ల ఎనిమిదో హెన్రీ రాజు 10 శాతం దాక ఒప్పుకున్నడు. 1552ల మళ్ళ బంద్, 1571ల మళ్ళ 10. అట్ల తగ్గుకుంట 1624ల 8, 1651ల 6, 1714ల 5 అయింది. 1854ల ఆ పరిమితులన్నీ తీసేసిన్రు, ఆ మరుసటేడు 1855ల మన దేశంల కూడ తీసేసిన్రు, దాంతోని షావుకార్లు ఎంతంటె అంత రాసుకునే కాలం వచ్చింది. మళ్ళ 1918ల యూజూరియస్ లోన్స్ చట్టం వచ్చినంక, రేటు మరీ అన్యాయంగ ఉంటే కోర్టు లెక్కను తిరగదోడొచ్చు అన్నరు. మన తెలంగాణ ప్రాంతంకైతే నిజాం కాలపు ఫసలీ 1349 (ఇప్పటి లెక్కల 1939-40) నాటి మనీ లెండర్స్ చట్టం ఉన్నది, వడ్డీకి పైసలిచ్చే వ్యాపారం చేసెటోళ్ళు లైసెన్స్ తీసుకోవాలె. ఊర్లల్ల ఈ సంగతి చానా మందికి తెల్వదు, తెలుసుకోండి.

ప్రోనోటు మీద రాసే లెక్క ఎట్ల చదవాలె?

ఒకటి ముందట పెట్టుకోని చూద్దాం. పైన తారీఖు, మీ పేరు, మీ తండ్రి పేరు, ఊరు. తర్వాత గిట్ల ఉంటది: "నా అవసరముల నిమిత్తము మీ వద్ద ఈ దినము అప్పుగా తీసుకున్న రూ. 50,000 లకు నెల 1కి నూటికి రూ. 2-00 ల వడ్డీ చేర్చి మీరు కోరినప్పుడు మీకు గాని మీ అనుమతి పొందిన వారికి గాని చెల్లించగలను." కింద రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగ సంతకం, పక్కన సాక్షులు.

రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 1,000, ఏడాదికి 12,000, అంటే 24 శాతం. మూడేండ్లకు 36,000. అదే ఏడాది ఏడాదికి మిత్తిని అసల్ల కలిపి కొత్త నోటు రాపిస్తే మూడేండ్లకు మొత్తం 95,331 అయితది, అంటే మిత్తి 45,331. నోటు మార్చినందుకే 9,331 ఎక్కువ పడ్డది. కాబట్టి ఎవరన్న నోటు తిరగరాద్దాం అంటే కొత్త నోటుల అసలు జాగల ఏ అంకె పెడుతున్నరో చూసినంకనే సంతకం పెట్టుండ్రి. పైసలు కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాపిచ్చుకోండి, తారీఖుతోని. ప్రోనోటుకు గడువు మూడేండ్లు, గడువు లోపల సంతకంతోని చెల్లు రాస్తే ఆ రోజు నుంచి మళ్ళ మూడేండ్లు లెక్క మొదలయితది, ఇది ఇచ్చినోళ్ళకు, తీసుకున్నోళ్ళకు ఇద్దరికి తెలిసి ఉండాలె. నోటు మీద రేటు రాయకపోతే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం ఏడాదికి 18 శాతం, అంటే రూపాయిన్నర మిత్తి.

బ్యాంకుల 12 శాతం, ఊర్ల 2 రూపాయలు, ఏది తక్కువ?

బ్యాంకుదే తక్కువ, సగమే. చానా మంది 12 అన్న అంకె పెద్దగ కనిపిస్తది కాబట్టి 2 వైపు పోతరు, నాకు మస్తు బాధయ్యేది ఇక్కడనే. బ్యాంకు ఏడాదికి చెప్తది, ఊరు నెలకు చెప్తది. ఊరి మిత్తిని 12తోని గుణిస్తే ఏడాది రేటు వస్తది, బ్యాంకు రేటును 12తోని భాగిస్తే ఎన్ని రూపాయల మిత్తో తెలుస్తది. పంట లోనుకు 3 లక్షల లోపల 7 శాతం రేటు, టైముకు కట్టినోళ్ళకు 3 శాతం వాపసు, అంటే 4 శాతం, మన భాషల ముప్పై మూడు పైసల మిత్తి. క్రెడిట్ కార్డు మీద 3.5 అని ఉంటే అది నెలకు, అంటే మూడున్నర రూపాయల మిత్తి, ఏడాదికి 42 శాతం, బ్రూటస్ రేటుకు దగ్గర్ల ఉన్నది.

కిస్తు లేట్ అయితే బ్యాంకు ఫైన్ మీద కూడ మిత్తి వేయొచ్చా?

ఇప్పుడు వేయొద్దు. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు 18న ఒక సర్క్యులర్ ఇచ్చింది, 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త లోన్లకు అమల్లకు వచ్చింది. లేట్ అయినందుకు పీనల్ చార్జి తీసుకోవచ్చు, కానీ దాన్ని వడ్డీ రేటుకు కలపొద్దు, ఆ చార్జి మీద మళ్ళ వడ్డీ లెక్కగట్టొద్దు. బాకీ ఉన్న లోను మీద మామూలు వడ్డీ మాత్రం ఎప్పటిలెక్కనే నడుస్తది. పీనల్ అన్నది లాటిన్ పోయెనా నుంచి వచ్చింది, శిక్ష అని అర్థం. చర్చి లాయర్లు ఏ లేట్ పరిహారాన్ని ఇంటెరెస్సె అన్నరో, ఆ లేట్ చార్జిని రిజర్వ్ బ్యాంకు ఇప్పుడు ఇంట్రెస్ట్ కెళ్ళి విడదీసి పక్కకు పెట్టింది.

లేట్ అయ్యుడును లాటిన్ల మోరా అంటరు, కరోనా అప్పుడు విన్న మారటోరియం దాని నుంచే. 2020 మార్చి నుంచి ఆగస్టు దాక కిస్తులు ఆపుకోనిచ్చిన్రు కదా, ఆ ఆరు నెలల మిత్తి మీద మిత్తి గాని, పీనల్ గాని వసూలు చేయొద్దని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు చెప్పింది.

లోను తీసుకునేటప్పుడు ఏ కాయిదం అడగాలె?

కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ లోన్లకు, చిన్న వ్యాపారాల లోన్లకు ఇది ఇయ్యాలె. మీకు అర్థమయ్యే భాషల ఉండాలని రిజర్వ్ బ్యాంకే చెప్పింది, అంటే గద్వాలల అయినా, కల్వకుర్తిల అయినా తెలుగుల అడిగే హక్కు మీకు ఉన్నది. అందుల వార్షిక శాతం రేటు అని ఒక లైన్ ఉంటది, వడ్డీతోని పాటు ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అసుంటి ఖర్చులు కూడ కలిపి చెప్పే అంకె అది. దాన్ని 12తోని భాగించండి, ఎన్ని రూపాయల మిత్తికి తీసుకుంటున్నరో తెలిసిపోతది.